ముసాయిదా కిటికీలు

రోజూలాగే కంచుకంఠం ఆఫీసుకు రాగానే గోరువెచ్చని నీళ్లు తాగి గొంతు సవరించుకున్నాడు. అతని అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ప్రభుత్వ ఉత్తర్వును అది వర్తించే చోటికెళ్లి పైకి చదవడం అతని పని. చదివింది చదివినట్టు అమలైపోతుంది. ఇదివరకటాయన నీటిపన్ను తొలగించే ఉత్తర్వులో 'నీటి' మింగేస్తే ఊళ్లో తలా ఒక పన్ను ఊడింది. కంచుకంఠం మాత్రం ఏనాడూ అక్షరం మింగి ఎరగడు.

నూలుమిల్లుల్లో ప్రతి గదికీ కిటికీలుండాలని కార్మికశాఖ ఆ మధ్య ఒక నిబంధన ప్రతిపాదించింది. ఆ ముసాయిదా మిల్లులో చదివింది అతనే. మర్నాటికి గోడలకు కిటికీలు మొలిచాయి. అవీ ముసాయిదావే మరి, పెన్సిలుతో గీసినట్టు పలచగా, రెక్కలు బిగుసుకుని ఉన్నాయి. సందుల్లోంచి పిసరంత గాలి వచ్చేది. నిబంధన ఖరారైతే తెరుచుకుంటాయిలే అనుకుని అందరూ పనిలో పడ్డారు.

అతని అక్క ఆ మిల్లులోనే తెగిన దారాలు ముడేస్తుంది. దూదినూగు ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు పట్టుకుంది. గాలైనా ఉండాలి, పనైనా మానాలి అన్నాడు డాక్టరు. బావ పోయాక ఆమె పని మానితే ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

ఇవాళ బల్లమీద కొత్త కాగితం ఉంది. యజమానులు ఒప్పుకోలేదు, శాఖ నిబంధనను వెనక్కి తీసుకుంది.

"అన్ని శాఖలూ ఇదే పని మీదున్నాయయ్యా, మనమొక్కళ్లమే కాదు," అన్నాడు సూపరింటెండెంటు. "వెళ్లి కిటికీలు తీసేసి రా."

"మా అక్క అక్కడే పనిచేస్తుందండీ."

"మంచిదేగా, చూసినట్టూ ఉంటుంది."

కంచుకంఠం లెక్కేసుకున్నాడు. తను చదవనంటే ఇంకొకరు చదువుతారు, పైగా ఉద్యోగం పోతుంది. కాగితం పట్టుకుని బయల్దేరాడు.

మిల్లులో యంత్రాలు ఆపారు. చివరి కిటికీ కింద నిలబడ్డ అక్కకి అతని మొహం చూడగానే సంగతి తెలిసిపోయింది.

"చదవరా. నువ్వు రాసిందా ఏమన్నా?"

అతను మొదలుపెట్టాడు. "ప్రతిపాదిత నిబంధనను ఉపసంహరించుకున్నందున, ఈ మిల్లులోని కిటికీలన్నీ తక్షణం తీ..."

గొంతులో నూగు పడింది. ఇన్నేళ్లలో తడబడని గొంతు ఒక్కసారిగా దగ్గింది. 'సివే' అనే రెండక్షరాలూ ఆ దగ్గులో కొట్టుకుపోయాయి.

"...యవలెను," అన్నాడు.

తీసివేయమంటే మాయమయ్యేవే. తీయమన్నాడు కాబట్టి, పాపం, తెరుచుకున్నాయి. ఒకదాని వెంట ఒకటి రెక్కలు బార్లా తీసుకుంటుంటే పెన్సిలు గీతలు గట్టి చెక్కగా మారాయి. గాలొచ్చి నూగునంతా ఊడ్చుకుపోయింది. అమలైనదాన్ని మళ్లీ చదివే పద్ధతి శాఖలో లేదు.

అక్క గుండెల నిండా గాలి పీల్చింది. దగ్గు రాలేదు. మళ్లీ పీల్చి, ఈసారి ఏడ్చేసింది.

"నిజం దగ్గేనా, దొంగ దగ్గా?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"మీ మిల్లు దగ్గే అక్కా."

సాయంత్రం సూపరింటెండెంటు తలెత్తకుండానే అడిగాడు. "కిటికీలు తీశావా?"

"తీశానండీ. అన్నీ తీశాను."