స్కేటింగ్ హాల్లో మూడు గంటలు

దరఖాస్తులో ‘గత మూడు నెలల్లో డాక్టరు రాసివ్వని మందేదైనా వాడారా?’ అన్న ప్రశ్న దగ్గర వెర్నా కలం ఆగింది. ఫిబ్రవరిలో పన్ను నొప్పికి తాళలేక, చనిపోయిన భర్త హార్లన్ సీసాలో మిగిలిన నొప్పి మాత్ర ఒకటి మింగింది. అబద్ధం రాయడం చేతకాక ‘అవును’ అని పెట్టింది. దాంతో ఆమెను మూత్ర పరీక్షకు పంపారు. అందులో గట్టెక్కితేనే మనవరాలు జోసీకీ ఆమెకూ ప్రభుత్వ సాయం.

జీన్స్ కుట్టే ఫ్యాక్టరీ మూతపడ్డాక, అరవైకి దగ్గరపడ్డ మనిషికి ఆ వెస్ట్ వర్జీనియా కొండల్లో మళ్లీ పని దొరకలేదు. కూతురేమో మత్తుమాత్రల అలవాటు మాన్పించే ఆసుపత్రిలో ఉంది. అలాంటి ఇంటిని అనుమానించడంలో తప్పేముందిలే అని సర్దిచెప్పుకుంది గానీ, కారు నడిపినంతసేపూ అవమానంతో చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి.

పరీక్ష చేసే చోటి చిరునామా దొరికాక కారు దిగి నిలబడిపోయింది. అది పాత స్కేటింగ్ హాలు. బోర్డు మారింది. చెక్క నేల మీద బూడిదరంగు తివాచీ పరిచారు. గోడ వెంట చెయ్యి ఆనించుకునే కమ్మీ మాత్రం అలాగే ఉంది.

బల్ల వెనక కూర్చున్నావిడ గబుక్కున లేచింది.

“వెర్నక్కా! నేను, ట్వైలాని. మా అమ్మ ఇక్కడే చక్రాల బూట్లు అద్దెకిచ్చేది.”

“బూట్లలో వాసన పోయే మందు కొట్టే పిల్లవా!”

“నీ బూట్లకి రెండుసార్లు కొట్టేదాన్ని.”

ఇద్దరూ నవ్వారు. అంతలో ట్వైలా చేతిలోని కాగితం చూసుకుని గొంతు తగ్గించింది. “కోటూ బ్యాగూ ఇక్కడ పెట్టాలక్కా. లోపల కొళాయి రాదు, కట్టేశాం.”

చేతికో కప్పిచ్చి లోపలికి పంపింది. ఎవరూ కప్పులో నీళ్లు కలపకుండా మరుగుదొడ్డి తొట్టిలో నీళ్లకు నీలిరంగు వేశారు. తలుపవతల ట్వైలా అడుగుల చప్పుడు. వెర్నా ఎంతసేపు కూర్చున్నా చుక్క పడలేదు.

“మూడు గంటల టైముంది, నీళ్లు తాగు.”

“అప్పటికీ రాకపోతే?”

“పరీక్షకి ఒప్పుకోలేదని రాయాలక్కా,” అంది ట్వైలా తల దించుకుని.

వెర్నా గ్లాసు మీద గ్లాసు తాగింది. రెండోసారీ ఖాళీ కప్పుతోనే తిరిగొచ్చి దాన్ని బల్ల మీద పెట్టింది. రెండు గంటలు దాటిపోయాయి. కమ్మీ వైపు చూస్తూ కూర్చుంటే శుక్రవారం సాయంత్రాలు కళ్లముందు కదిలాయి. ఫ్యాక్టరీ నుంచి జుట్టులో దూదిపోగులతోనే పరుగెత్తుకొచ్చేది. దీపాలు తగ్గించి, ఇక జంటలు మాత్రమే అని మైకులో చెప్పేవారు. గని పని నుంచి వచ్చిన హార్లన్ కనుబొమల్లో ఇంకా బొగ్గు మసి ఉండేది.

“హార్లనన్న నాకు బాగా గుర్తక్కా. నడిమధ్యలో కూలబడ్డాడుగా!” అంది ట్వైలా, ఆమె చూపు గమనించి.

“పడితే పడ్డాడు, నన్నూ లాగాడు. పైగా అందరి ముందూ ‘ఈ పిల్ల పడిపోతుంటే పట్టుకోబోయా’ అన్నాడు.”

“అన్నాడా!”

“పెళ్లిలో మా నాన్నకీ అదే చెప్పాడే! పాస్టరుగారికి కూడా! ముప్ఫైరెండేళ్లు ఒకటే అబద్ధం!”

ట్వైలా పొట్ట పట్టుకుని నవ్వింది. వెర్నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వుతూ నవ్వుతూనే ఉలిక్కిపడి లేచింది.

“ఆగవే బాబూ, ఇక నవ్వించకు! ఆ కప్పు ఇలా ఇయ్యి!”

కప్పు మీద మూత బిగించి, చీటీ అతికించి, సంతకం పెట్టించుకున్నాక ట్వైలా మెల్లగా అంది. “ఏమీ అనుకోకక్కా.”

“నీ పని నువ్వు చేశావు. ఇక్కడ కాకుండా ఇంకెక్కడన్నా అయ్యుంటే బాగుండేది, అంతే.”

ట్వైలా మూలకెళ్లి, జిగురు ఊడిన తివాచీ అంచు పైకెత్తి పట్టుకుంది. కింద తేనెరంగు చెక్క ఇంకా నిగనిగలాడుతోంది. వెర్నా వంగి దాన్ని అరచేత్తో నిమిరింది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఒంట్లో ఏ మత్తుమందూ లేదు, వచ్చే నెల నుంచి సాయం అందుతుంది. వెర్నా దాన్ని రెండుసార్లు చదివి సొరుగులో పెట్టేసింది. సంతోషమంటూ ఏమీ కలగలేదు, బరువు దిగింది.

“ఆరోజు అక్కడ ఏం చేశారు అమ్మమ్మా?” అడిగింది జోసీ.

“మీ తాత కిందపడ్డ సంగతి చెప్పుకున్నాం.”

“ఎలా పడ్డాడు?”

వెర్నా వంటింటి బల్లను గోడకు జరిపి, మేజోళ్లతోనే నేల మీద నిలబడి, మనవరాలి రెండు చేతులూ పట్టుకుంది.