ఆరు గంటల పరీక్ష

విశ్వవిద్యాలయంలో పరిశోధకులు కనిపెట్టినవాటిని కంపెనీలుగా నిలబెట్టేందుకు ఒక చిన్న ఆఫీసు ఉంది. అక్కడి సలహాదారుకి ఆ ఉదయం కాలు ఒకచోట నిలవడం లేదు. పదకొండింటికి పెట్టుబడిదారులు వస్తున్నారు. తొమ్మిదింటికి బయటి ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చిపడింది.

అందరూ నత్తల మేడం అని పిలిచే శాస్త్రవేత్త ఆరేళ్ళు కష్టపడి, నత్త జిగట ఆధారంగా ఒక జిగురు తయారుచేసింది. కుట్లు లేకుండా గాయాన్ని అతికించాలని ఆమె ఆశ. ఆమె దగ్గర అరగంట పరీక్షకు అది చక్కగా నిలిచింది. బయటివాళ్ళు ఒంటి వేడి దగ్గర ఆరు గంటలు ఉంచి చూశారు. పది అతుకుల్లో ఆరు ఊడిపోయాయి.

"రెండు వారాల్లో మళ్ళీ చేయిద్దాం మేడం. అప్పటిదాకా ఇది మనకి అందలేదనుకుందాం," అన్నాడతను, ఆమె ముఖం చూడకుండా.

"అందిందిగా?"

"ఈ మీటింగ్ కోసం ఏడాదిగా వాళ్ళ చుట్టూ తిరుగుతున్నానండీ!"

ఆమె కడిగి బోర్లించిన గాజు పళ్ళాలనే తీసి మళ్ళీ కడగసాగింది.

అతను వరండాలోకి వెళ్ళి అక్కకి ఫోన్ చేశాడు. ఆమె ఆపరేషన్ల వార్డులో నర్సు.

"డ్యూటీలో ఉన్నాన్రా, త్వరగా చెప్పు," అంది. అంతా విని, "అది ఊడితే రోగి తరఫువాళ్ళు ఎవర్ని పట్టుకుంటారు? నిన్నా? నన్ను! ఏం చెప్పమంటావు, మా తమ్ముడికి మీటింగ్ ఉంది, అందుకే దాచాడనా?" అని ఠక్కున పెట్టేసింది.

అతను మెట్లు దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు. చివరికి రిపోర్టు కాపీలు తీయించి మీటింగ్ గదిలో ప్రతి కుర్చీ ముందూ ఒకటి పెట్టాడు.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగాడు.

"నేనే చెప్తాను," అంది మేడం.

వచ్చింది నలుగురు. ఆమె ఊడిపోయిన ఆరు అతుకుల గురించే ముందు చెప్పింది. ఇద్దరు ఫైళ్ళు మూసేశారు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. నాలుగో ఆయన, రిటైరైన ఒక సర్జన్, చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఫ్రిజ్‌లో పెట్టినవి కూడా ఉన్నాయేంటమ్మా?"

"పోలిక కోసం పెట్టారండీ. అవన్నీ గట్టిగానే ఉన్నాయి."

"ఒకరి కిడ్నీ ఇంకొకరికి పెట్టాలంటే చల్లగా ఉంచి తెస్తాం. దారిలో చిన్న చిరుగు కనబడిందంటే మా ప్రాణం మీదికొస్తుంది. ఒంట్లో పెట్టాక ఎలాగూ కుట్టుకుంటాం. అంతవరకూ ఇది పట్టి ఉంచుతుందా?"

"తెలీదండీ. ఆ వైపు ఆలోచించనేలేదు."

"మరి ఆలోచించండి."

ఆ రోజు ఎవరూ పెట్టుబడి పెట్టలేదు. సర్జన్ మాత్రం తన పాత ఆస్పత్రికి ఒక ఉత్తరం రాసిచ్చాడు. అక్కడ పంది కిడ్నీల మీద ఎనిమిది నెలలు పరీక్షలు జరిగాయి. మొదటి రెండు నెలలూ ఏదీ కుదరలేదు. మేడం జిగురు పాళ్ళు మారుస్తూ పోయింది. సలహాదారు విశ్వవిద్యాలయంలోని పైవాళ్ళ ఫోన్లు తప్పించుకు తిరిగాడు. తర్వాత పన్నెండు అతుకుల్లో పదకొండు నిలిచాయి. సర్జన్ డబ్బు పెట్టడానికి ముందుకొచ్చాడు, కంపెనీ పెట్టారు.

అది నిలదొక్కుకుంటుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. మొన్న ఆస్పత్రివాళ్ళు ఇంకో నలభై ట్యూబుల జిగురు శుక్రవారానికల్లా కావాలన్నారు. దారిలో వేడెక్కనివ్వని పెట్టెల కోసం మేడం, సలహాదారు ఇద్దరూ చెరో ఫోనూ పట్టుకుని ఊరంతా గాలిస్తున్నారు.