కుదుపు లేని రంగు

నీలం నుంచి ఎరుపుకి వెళ్లే దారిలో మళ్లీ ఎక్కడో చిన్న కుదుపు. సాయికుమార్ విసుక్కుని కోడ్‌లో ఒక అంకె మార్చి, రంగులను మొదట్నుంచి నడిపించాడు. బల్ల కింద కాళ్లు ఒక చోట ఆగడం లేదు. అక్కుపల్లిలో అక్క వనజ ఇంటి వసారాయే అతని ఆఫీసు.

చేపల వేటకెళ్లేవాళ్ల కోసం ఆ యాప్. సముద్రం బాగుంటే తెర నీలం, చెడితే ఎరుపు. మేనేజరు మాట ఒకటే: రంగు మారినట్టు తెలియకూడదు, జనం బెదరకూడదు. గాలి పెరిగేకొద్దీ పొద్దు గుంకినట్టు మెల్లగా మారాలి.

సాయికుమార్‌కి చెప్పుకోదగ్గ మార్కుల్లేవు, ఇంటర్వ్యూల్లో నోరు పెగిలేది కాదు. ఇన్నాళ్లూ అతని పనిని మెచ్చుకున్న నాథుడు లేడు. ఈ ఒక్కటైనా వెన్నలా జారితే తానూ మనిషినే అనిపించుకోవాలని ఆశ.

బావ ఢిల్లీరావు వల భుజాన వేసుకుని వచ్చి, తన ఫోను చూపించాడు. అందులోనూ అదే యాప్.

"ఊదారంగు బాగుందిరా సాయీ, మీ అక్క సీరలాగ. ఇందాక నీలంగుండేది గదా?"

"మారినప్పుడు కుదుపేమైనా తెలిసిందా బావా?"

"లేదురా. ఎప్పుడు మారిందో ఆ దేముడికే తెలవాలి!"

మొదటి మెప్పు కల్లు కంటే త్వరగా తలకెక్కుతుంది. ఊదా అంటే ఎరుపుకి సగం దారి అని చెప్పాలన్న ఆలోచనే సాయికుమార్‌కి రాలేదు.

"ఉప్పునీళ్లు తగిల్తే పాడైపోద్ది. ఈడే ఉంచు, ఎల్లొచ్చేత్తాను" అని ఢిల్లీరావు ఫోను బల్ల మీద పెట్టి తెప్ప వైపు నడిచాడు.

కొబ్బరాకులు కొట్టుకుంటుంటే పనికి అడ్డమని సాయికుమార్ కిటికీ మూశాడు. కుర్చీలో నుంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ అంకెలు మార్చాడు. చివరికి వనజ పరుగున వచ్చింది.

"ఒరే, ఈ గాలేటి ఇలగుంది? ఆ ఫోనేటంతంది?"

అప్పుడు చూశాడు. మోచేతి పక్కనే ఉన్న బావ ఫోను నిండా ఎరుపు. ఎప్పుడైందో, పక్కనే కూర్చున్న తనకే తెలియలేదు. తన పనితనాన్ని తానే తిట్టుకుంటూ ఒడ్డుకు పరిగెత్తి, అలల్లోకి దిగి బావను కేకేశాడు.

పొద్దు వాలేవేళకు మిగతా తెప్పలన్నీ ఒడ్డుకు చేరాయి. ఢిల్లీరావు తెప్ప మాత్రం ఖాళీగా కొట్టుకొచ్చింది. వనజ ఇసుకలో కూలబడిపోయింది. ఆమె ముఖం చూడలేక సాయికుమార్ తడిసిన బట్టలతో ఇంటికొచ్చాడు.

గాలి తగ్గింది. వసారాలో బల్ల మీద ఢిల్లీరావు ఫోను ఎరుపు నుంచి ఊదాకు, ఊదా నుంచి నీలానికి, ఎక్కడా కుదుపు లేకుండా మారుతోంది.