తొమ్మిది మైళ్ళ లైను

లైన్‌మన్ పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, లైను ఎంత కురచైపోయిందో చూసుకునేవాడు. మామూలుగా పట్టాల కింది చెక్కలు నాలుగైదు తగ్గేవి. ఆయన ఇంటి పక్క చెక్కల గుట్టలోంచి కొత్తవి తెచ్చి పరిచి, మేకులు దిగ్గొట్టి, సాయంత్రానికి మళ్ళీ తొమ్మిది మైళ్ళు చేసేవాడు. రైలు నడవని లైను కురచ కావడం అక్కడ ఎవరికీ వింత కాదు. ఉతికిన నూలుబట్ట కురచ కాదూ?

గనిలో రాగి కోసం దొరలు వేయించిన లైను అది. వెడల్పు రెండే అడుగులు. వెడల్పులో పిసినారితనం చేసినా, కొండ చుట్టూ వంపులు మాత్రం ధారాళంగా పెట్టారు. ఇంజను ఎంత నిదానమంటే, డ్రైవరు దిగి సిగరెట్టు ముట్టించుకుని మళ్ళీ ఎక్కేవాడు. దొరలు పోయారు, గని మూతపడింది, ఇంజను తుక్కు కింద పోయింది. లైన్‌మన్‌కి మాత్రం ఇక చాలని ఎవరూ చెప్పలేదు. "లైను పొడవు తొమ్మిది మైళ్ళు" అన్న కాగితం గోడ మీద అలాగే ఉంది, ఆయనా అలాగే ఉన్నాడు.

అవతలి కొసన, గని దీపాల గది పక్కింట్లో, ఆయన అక్క ఉండేది. బావ పోయిన రోజున ఆయన వెళ్ళలేదు. లైను వదలకూడదని రూలు. "ఆ పట్టాలనే అక్కా అని పిలుచుకోమను" అని ఆమె కబురంపింది. పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఆయనకు పలకరించే దిక్కే లేదు. గొంతుందో లేదో చూసుకోవడానికి ఒక్కోసారి తన పేరు తానే పిలుచుకునేవాడు.

ఒక మధ్యాహ్నం పోస్ట్‌మాన్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"పొద్దున దగ్గరైన దారిని సాయంత్రానికి సాగదీస్తావు. నా కాళ్ళ మీద నీకెందుకయ్యా ఇంత కక్ష?"

"డ్యూటీ."

"మీ అక్క మంచం పట్టింది. తిండి సయించట్లేదు. నిన్నే అడుగుతోంది."

నడిస్తే మూడు గంటలు. కానీ ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? సుత్తి తీసుకుని బయటికి వచ్చాడు, చెక్కల గుట్ట పక్కన కూర్చున్నాడు, చీకటి పడేదాకా ఒక్క మేకు కొట్టలేదు.

మర్నాడు అరమైలు తగ్గింది. ఆయన ఊరుకున్నాడు. ఆపేవాడు లేకపోయేసరికి లైను పరుగందుకుంది. నాలుగో రోజుకి వంపులన్నీ పోయాయి. ఆరో రోజు అక్క దగ్గు వినపడింది. ఏడో రోజు పొద్దున తలుపు తీస్తే ఎదురుగా ఆమె గుమ్మం, మధ్యలో ఒకే ఒక్క చెక్క.

అక్క మంచం మీంచే చూసింది. బాగా చిక్కిపోయింది.

"ఇంత దగ్గరేనట్రా నువ్వుండేది?"

"నేనే దూరం చేశానక్కా," అంటూ ఆయన గుమ్మంలోనే బావురుమన్నాడు.

ఆమె గోడవైపు జరిగి, మంచం మీద చోటిచ్చింది.