ఆడుతున్నట్టు ఆధారం
మూడు ట్రస్టుల దగ్గర పని కాలేదు. మొదటిది బడులకే డబ్బిస్తామంది. రెండోది అపార్టుమెంటు సంఘం రిజిస్టరై మూడేళ్ళు నిండాలంది. మూడోదాన్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాలుగోది మాత్రం మనిషిని పంపి స్థలం చూస్తామని రాసింది. రెండు భవనాల మధ్య ఖాళీ స్థలానికి అదే ఆఖరి అవకాశం. నెలాఖరులోగా ఆటస్థలం కోసం ఎవరూ నిధులివ్వకపోతే దాన్ని కార్ల పార్కింగుకి వదిలేయాలని సంఘం తీర్మానం చేసేసింది.

నాలుగు దరఖాస్తులూ రాసింది మూడో అంతస్తులో ఉండే ఆమే. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది గనక అందరికీ ఎక్స్‌రే అక్క. పిల్లల మణికట్లు, మోచేతులు రోజూ ఆమె బల్ల మీదకి వస్తుంటాయి. పోయిన ఏడాది ఈ ఖాళీ స్థలం నుంచే ఇద్దరు వచ్చారు. అప్పట్నుంచీ ఆమె తన తొమ్మిదేళ్ళ కూతుర్ని కిందికి పంపడం మానేసింది. మెత్తటి రబ్బరు నేల, గుండ్రటి అంచుల జారుడుబల్ల, చుట్టూ కంచె వచ్చిన రోజున పంపుతానని మాటిచ్చింది. పిల్ల ఒక్కసారైనా మారాం చెయ్యలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని తల్లి మురిసిపోయేది. ఆ మురిపెం అడుగున ఏదో గుచ్చుకునేది కాని, దాన్ని తడిమి చూసుకోలేదు.

ట్రస్టు మనిషి వస్తాడనగా ముందురోజు ఆమె నడుం బిగించింది. పాత టైర్లు, చెక్కపలకలు, తాళ్ళు, పగిలిన బకెట్లు అన్నీ మెట్ల కింది గదిలో పడేయించింది. మట్టిదిబ్బను చదును చేయించింది. సాయంత్రానికి నేల అద్దంలా ఉంది. "మా ఇల్లు కూడా ఇంత శుభ్రంగా ఉండదమ్మా. ఈ మాట మీ వదిన చెవిన పడితే నా పని అయిపోయినట్టే" అన్నాడు సంఘం సెక్రటరీ.

మర్నాడు పిల్లలందరికీ తలలు దువ్వి, ఉతికిన బట్టలు వేసి, గోడవారన నిలబెట్టారు. మాసినా నలిగినా తాట తీస్తామని ఎవరింట్లో వాళ్ళు చెప్పే పంపారు. ట్రస్టాయన పొడుగ్గా, నిదానంగా ఉన్నాడు. ఒక చుట్టు తిరిగి వచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాడు. ఇక్కడ ఏం ఆడతారని పిల్లల్ని అడిగాడు. వాళ్ళు తమ ఉతికిన బట్టల వంక చూసుకున్నారు. అన్నీ ఆడతారండీ అన్నాడు సెక్రటరీ. అన్నీ అంటే ఏవని అడిగేసరికి చదునైన నేలకేసి చెయ్యి చూపించాడు.

ఆయన దరఖాస్తు తీశాడు. ప్రస్తుతం పిల్లలు ఇక్కడ ఎలా ఆడుతున్నారన్న ప్రశ్నకి ఆమె రాసిన జవాబు ఒక్కటే మాట: ప్రమాదకరంగా.

"ఆడే పిల్లలున్న చోటికే మేం ఇస్తామండీ. ఇక్కడ ఆడుతున్న గుర్తే లేదు. చూసింది చూసినట్టే రాయాలి కదా నేను" అన్నాడు.

ఆమె మెట్ల కింది గది తలుపు వైపు చూసింది. అన్నీ తీయించింది తానేనని చెప్తే, నలుగురిలో పరువు పోవడం అటుంచి, ఆ పలకలూ టైర్లూ చూపించాలి. చూశాక ఇంత ప్రమాదమా అని ఆయన లేచిపోతే? ఆమె ఇంకా తూచుకుంటుండగానే వరసలోంచి ఆమె కూతురు మాట్లాడింది.

అక్కడ రెండు టైర్ల మీద పలక ఉంటుందట, అది వంతెన. దిబ్బ అవతల వేరే దేశం. వంతెన దాటాలంటే ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి, ఉత్తచేతుల్తో వెళ్తే రానివ్వరు. అందర్లోకీ పొట్టివాడు ఎప్పుడూ ముందే నడవాలి, ఎందుకంటే వాడు నడిచేటప్పుడు పలక ఊగదు. పిల్ల వేలుపెట్టి చూపిస్తూ గడగడా చెప్పుకుపోతోంది. తక్కిన పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

తాను డ్యూటీకి వెళ్ళాక దొంగతనంగా దిగుతోందన్నమాట అనుకుంది తల్లి. చిత్రంగా, కోపం రావలసిన చోట కాస్త ప్రాణం లేచొచ్చినట్టయింది.

"నీకివన్నీ ఎలా తెలుసే?" అంది మెల్లగా.

"పైనుంచి చూస్తాను కదమ్మా" అంది పిల్ల.

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

"ఇది నిన్నటిదాకా ఇలా లేదండీ. అన్నీ నేనే తీయించేశాను" అని మెట్ల కింది గది తాళం తీసింది. పిల్లలు లోపలికి ఎగబడి, టైర్లూ పలకా బయటికి లాగి వంతెన నిలబెట్టారు. ఉతికిన బట్టల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ట్రస్టాయన చాలాసేపు చూసి, సంచిలోంచి ఒక కాగితం తీసి షరతులు రాశాడు. దిబ్బ మళ్ళీ పోయాలి. పలకలు తీసెయ్యకూడదు, వాటిలో మేకులుంటే మాత్రం పీకాలి. పిల్లలు ఆడుతుంటే ఆపకూడదు. దీనికి పూచీగా ఇక్కడుండే వాళ్ళొకరు సంతకం చేస్తే డబ్బు వచ్చేలా తాను రాస్తానన్నాడు. రబ్బరు నేల, కంచె తమ పద్దులో లేవన్నాడు.

సెక్రటరీ కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "రాసిందంతా మీరే కదమ్మా, ఇదీ మీ చేత్తోనే కానివ్వండి."

ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆపకూడదు అన్న చోట వేలు ఆగిపోయింది. తర్వాత పిట్టగోడ మీద కూర్చుని సంతకం చేసింది. కూతురి వైపు తిరిగి, వెళ్ళమన్నట్టు తలూపింది.

అన్ని రూల్సూ నోటికి వచ్చిన పిల్ల పలక మీద మూడడుగులు వేసి దబ్బున పడింది. తల్లి సగం లేచింది. రెండు చేతులూ ఒళ్ళో బిగించి మళ్ళీ కూర్చుంది. పిల్ల మోచెయ్యి దులుపుకుని, తల్లివైపు చూడకుండానే వెళ్ళి వంతెన ఎక్కే వాళ్ళ వరసలో చివర నిలబడింది.