పెద్ద డ్రమ్ముకు ఎడమ పక్కన

బస్సు డిపో బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించే మేస్త్రీ పొట్టి మనిషి. డ్రమ్ము మాత్రం పొట్టిది కాదు. తోలు పట్టీలు భుజాలకు తగిలించుకుని దాన్ని రొమ్ము మీదికి ఎత్తుకున్నాడంటే, డ్రమ్ముకే రెండు కాళ్ళూ ఒక టోపీ మొలిచి నడిచి వస్తున్నట్టుండేది. చూసేవాళ్ళకది సరదా. మోసేవాడికి మాత్రం ఎర్ర రంగు చెక్క తప్ప ఎదురుగా ఇంకేమీ కనపడదు. రోడ్డు మీద గుంట ఉందో, ముందు వరస ఆగిందో, మలుపు వచ్చిందో పక్కన ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

ఆ చెప్పే పని ఏళ్ళ తరబడి ఆయన భార్యది. ప్రతి ఎండాకాలం జరిగే ఊరేగింపులో ఆవిడ డ్రమ్ముకు ఎడమ పక్కన నీళ్ళ సీసా పట్టుకుని నడిచేది. “గుంట, గుంట... కుడికి జరుగు... ఇప్పుడు తిరుగు... ఆ మేడ మీద ఎవరో చెయ్యూపుతున్నారు, కాస్త నవ్వు మొహం పెట్టు” అని దారి పొడుగునా చెబుతూనే ఉండేది. “పెళ్ళయిన రోజు నుంచీ ఆయన్ని నడిపిస్తోంది నేనే. కాకపోతే ఏడాదికి ఒక్కరోజు ఊరందరికీ కనపడుతుంది, అంతే” అనేది.

ఈ ఏడాది ఊరేగింపు దగ్గర పడుతుండగా ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని ఇంట్లో తిరగొచ్చు గానీ అంత దూరం నడవడం కుదరదన్నాడు డాక్టరు.

“అయితే కోడలు నడుస్తుంది” అని ఆవిడ భోజనాల దగ్గర తేల్చేసింది.

మేస్త్రీకి ముద్ద గొంతులో అడ్డం పడింది. వడ్డిస్తున్న కోడలి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

“నేనా అత్తయ్యా?”

“నువ్వు కాక పక్కింటి పిల్లి నడుస్తుందా? మీ ఆయనకి ఆ రోజు బస్సు డ్యూటీ. నాకు ఈ కాలు. ఇంక మిగిలింది నువ్వేగా.”

మామా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా తల దించుకున్నారు.

కోడలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. కౌంటరు దగ్గర కాదు, వెనక గదిలో. అద్దాలను ఫ్రేముకు సరిపడా అరగదీసి, అంచులు నున్నగా చేసి బిగించడం ఆమె పని. మాటలు అక్కర్లేని పని కాబట్టే ఆమెకది నచ్చింది. “నోట్లో ముత్యాలేమైనా దాచుకున్నావా తల్లీ, తెరిస్తే రాలిపోతాయని?” అని అత్తగారు ఆటపట్టించేది.

మొదట్లో మామగారు ఆమెతో బాగానే ఉండేవాడు. సాయంత్రం డిపో నుంచి రాగానే గ్రీజు చేతులు కడుక్కుంటూ, “ఏమ్మా, ఇవాళ ఎంతమందికి చూపు తెప్పించావు?” అని అడిగేవాడు. ఆమె నవ్వేది. తరవాత ఆయన వెనక వరండాలో కూర్చుని డ్రమ్ము సాధన చేసేవాడు. వంటింటి అరలో గ్లాసులన్నీ గణగణమనేవి. ఆ దెబ్బలకు లయగా ఆమె కూరగాయలు తరిగేది, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

చలికాలంలో ఆమె నెల తప్పింది. మామగారు పట్టలేని సంతోషంతో డిపో అంతా చాటింపు వేసొచ్చాడు. మూడో నెలలో అది పోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు వరండాలో డ్రమ్ము లేదు. డిపోకి పట్టుకెళ్ళిపోయాడట. అప్పటి నుంచీ ఆయన ఆమెను ఏమీ అడగలేదు. వచ్చి, తిని, తల దించుకుని తన గదిలోకి వెళ్ళిపోయేవాడు. అత్తగారు ఒకటి రెండుసార్లు ఓదార్చబోయి తనే కళ్ళు తుడుచుకుంది. భర్త, “నాన్న సంగతి తెలుసుగా, ఆయనంతే” అని ఊరుకున్నాడు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అద్దాలు అరగదీస్తూ అరగదీస్తూ ఆమె తనకు తనే ఒక అర్థం చెప్పుకుంది. నలుగురికీ చెప్పుకున్నాక ఇలా అయిందని మామయ్యకు తన మీద కోపం. ఆ ఇంటి చప్పుడంతా తను పోగొట్టింది.

ఊరేగింపు రోజున పొద్దుటి నుంచే ఎండ నిప్పులు చెరిగింది. ఊళ్ళోని బ్యాండులన్నీ స్టేషను పక్క మైదానంలో చేరాయి. అగ్నిమాపక సిబ్బంది, నర్సులు, తెల్ల మేజోళ్ళేసుకున్న బడిపిల్లలు, అందరి చేతుల్లో ఇత్తడి బూరలు కళ్ళు మిరుమిట్లు గొలిపేలా మెరుస్తున్నాయి. డిపో బ్యాండుకు నాయకుడు ఒక బస్సు కండక్టరు. బస్సులోనూ కండక్టరే, బ్యాండులోనూ కండక్టరే కాబట్టి అందరూ అతన్ని డబుల్ అంటారు. అలవాటు కొద్దీ బ్యాండును కూడా, “జరగాలి, జరగాలి, ముందుకి జరగాలి!” అంటూ తోలుతున్నాడు.

నడక మొదలైంది. కోడలు డ్రమ్ముకు ఎడమ పక్కన చేరింది. కాస్త దూరం పోగానే మ్యాన్‌హోలు మూత ఒకటి రోడ్డు కంటే ఎత్తుగా కనపడింది.

“మామయ్యా, మూత...” అంది మెల్లిగా.

ఆయన కాలు సరిగ్గా దానికే తగిలింది. తూలి, ఎలాగో నిలదొక్కుకుని, దెబ్బ తప్పకుండా వాయిస్తూనే అరిచాడు. “అమ్మా, గొంతు పెంచాలి! నేనున్నది డ్రమ్ము వెనక, గ్రంథాలయంలో కాదు!”

వెనక తాళాలు కొట్టే వాచ్‌మన్ పకపకా నవ్వాడు. ఆమెకు చెవులు వేడెక్కాయి. తరవాతి గుంట వచ్చేసరికి ఊపిరి బిగబట్టి, “గుంటా!” అని కేకేసింది. గుంట పక్కన నిలబడ్డ పెద్దాయన తననే అన్నారేమోనని ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. ఆమెకు నవ్వొచ్చింది. అలా పెద్దగా అరిచి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. అక్కణ్ణుంచి “కుడికి!”, “ఆగాలి!”, “తిరుగు, తిరుగు!” అని గొంతు దానంతటదే వచ్చింది.

పెద్ద వీధిలోకి మళ్ళాక జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ముందు నడుస్తున్న బడిపిల్లల బ్యాండు హఠాత్తుగా ఆగింది. “ఆగాలి!” అని ఆమె అరిచింది. మేస్త్రీ ఆగాడు గానీ డ్రమ్ము ఆగలేదు. ఆ కుదుపుకు కుడి భుజం మీది పట్టీ పటుక్కున తెగి, డ్రమ్ము ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆయన మోకాలితో దాన్ని ఆపి, ఒంటిచేత్తో పట్టుకుని వగరుస్తున్నాడు.

ముందు బ్యాండు మళ్ళీ కదిలింది. డబుల్ వెనక్కి తిరిగి చూసి తలపట్టుకున్నాడు. పెద్ద డ్రమ్ము ఆగితే బ్యాండుకు అడుగు ఆగినట్టే. అప్పటికే క్లారినెట్ల వరస ఒక కాలు, ట్రంపెట్ల వరస ఇంకో కాలు వేస్తున్నాయి.

“పక్కకు తప్పుకుంటానురా, మీరు పోండి” అన్నాడు మేస్త్రీ. ఆ గొంతులో ఎప్పుడూ వినని నీరసం.

ఆమె ఆలోచించలేదు. నీళ్ళ సీసా వాచ్‌మన్ జేబులో కుక్కి, డ్రమ్ము ముందుకొచ్చి, రెండు చేతులూ దాని కిందుగా చాచి పొట్టకు ఆనించుకుని ఎత్తింది. డ్రమ్ము ఒకవైపు బరువు ఆమెది, ఒకవైపు మిగిలిన పట్టీది. ఇద్దరూ ఎదురెదురు.

“వాయించండి మామయ్యా.”

“వెనక్కి నడవాలమ్మా నువ్వు! పడిపోతావు!”

“మీరు చెప్పండి మరి, ఎటు నడవాలో.”

అప్పుడు చూసుకున్నాడాయన. ఆమె ఎత్తిపట్టింది నడుము దాకానే. డ్రమ్ము పైనుంచి వీధి మొత్తం కనపడుతోంది. మేడలూ, మనుషులూ, అన్నీ. ఇన్నేళ్ళలో ఈ ఊరేగింపును ఆయన కళ్ళతో చూడటం అదే మొదలు. ఒక్క క్షణం నోరు తెరుచుకుని నిలబడి, కర్రలు రెండూ ఎత్తాడు.

ధబ్. ఆ దెబ్బ ఆమె పొట్టలోంచి, పక్కటెముకల్లోంచి, పళ్ళ దాకా పోయింది. ధబ్. ఇంకొకటి. బ్యాండు అడుగులు మళ్ళీ కలిశాయి. వీధి రెండు పక్కలా జనం ఈలలేశారు.

“కుడికి కొంచెం. ఆఁ. నేరుగా రా అమ్మా, నేరుగా. నేనున్నాగా” అంటున్నాడాయన.

పాట అయిపోయింది. తరవాతి పాట అందుకునే లోపు బూరల వాళ్ళు ఊపిరి పీల్చుకుంటుంటే అడుగు తప్పకుండా పెద్ద డ్రమ్ము ఒక్కటే మెల్లిగా మోగాలి. ఆ సందులో మాట వినపడుతుంది.

“బరువుగా ఉందా?”

“లేదు మామయ్యా.”

“అబద్ధం. దీని బరువు నాకు తెలియదూ?”

చెమట కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అలా ఎదురెదురుగా, ఎటూ తప్పించుకోలేని చోట, ఆమె నోట్లోంచి మాట జారిపోయింది.

“ఇంట్లో వాయించడం ఎందుకు మానేశారు?”

ధబ్. ధబ్.

“ఆసుపత్రి నుంచి వచ్చి నువ్వు ఆ గదిలో పడుకున్నావు. గోడకవతల ఉత్సవంలా దభీ దభీమని ఎలా వాయించమంటావమ్మా? అందుకే ఎత్తుకెళ్ళి డిపోలో పెట్టేశా.” ధబ్. “ఆపెయ్యడం తెలిసింది గానీ, మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలో తెలియలేదు. నిన్ను అడుగుదామంటే, ఏమని అడగను?”

“నా మీద కోపమనుకున్నాను.”

అప్పుడు ఆయన దెబ్బ తప్పింది. ఒక్కటంటే ఒక్కటి. బ్యాండు మొత్తం సగం అడుగు గాల్లో ఎత్తి, ఎక్కడ వెయ్యాలో తెలియక దింపింది. డబుల్ వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశాడు.

“కోపమా?” అన్నాడు మేస్త్రీ. చేతులు మళ్ళీ లయ అందుకున్నాయి గానీ మొహం మాత్రం కుదురుకోలేదు. “నీ మీదా? పిచ్చితల్లీ, బిడ్డ పోయింది నీకు. ఇన్నాళ్ళూ ఆ బాధకు తోడు ఇదీ మోస్తున్నావా?”

ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. “అది పోయింది” అన్నారు, “అలా అయింది” అన్నారు, “పోనీలే” అన్నారు. బిడ్డ అన్నది ఆయనొక్కడే. ఆమె పెదాలు బిగబట్టుకుంది. లాభం లేకపోయింది. కన్నీళ్ళు చెమటలో కలిసి చుబుకం మీంచి డ్రమ్ము మీద పడుతుంటే, చేతులు మాత్రం వదల్లేదు.

“ఏడువమ్మా, పర్లేదు. ఈ చప్పుడులో ఎవరికీ వినపడదు. ఎడమకు... ఎడమకు తిరుగు. ఆఁ, అలాగే” అన్నాడాయన. ఆయన మొహం మీదా ఏదో కారుతోంది. ఎండకేనని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు.

బూరలు అందుకున్నాయి. ఇంక మాటలకు చోటు లేకుండా పోయింది.

మందుల షాపు మలుపులో అత్తగారు నీడన కుర్చీ వేయించుకుని కూర్చుంది. డిపో బ్యాండు వస్తోందని మెడ చాచి చూస్తే, మొగుడి డ్రమ్మును ఎవరో ఆడమనిషి కావలించుకుని వీపు ఇటు పెట్టి నడిచొస్తోంది. ఎవరో పోల్చుకున్నాక ఆవిడ కర్ర ఊతంగా సగం లేచింది.

“పట్టీ మార్చమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! పిల్ల చేత మోయిస్తావా, సిగ్గులేదూ?” అని బూరల మోతను మించిపోయేలా అరిచింది. మరుక్షణం తన వైపు వీపు పెట్టి ఉన్న కోడలితో, “గట్టిగా పట్టుకో తల్లీ! వదలకు! ఇంకొంచెమే!” అంది. పక్కనున్నవాళ్ళు ఆవిడను కూర్చోబెట్టాల్సి వచ్చింది.

చివరి మైదానం చేరాక డ్రమ్మును నేల మీద దింపారు. కోడలి వేళ్ళు ముడుచుకుపోయి ఎంతకీ తెరుచుకోలేదు. వాచ్‌మన్ నీళ్ళ సీసా తెచ్చి ఆమె నోటికి తనే అందించాడు. డబుల్ వచ్చి మేస్త్రీని, “పుట్టి బుద్ధెరిగాక నువ్వు దెబ్బ తప్పడం చూళ్ళేదే, ఏమైంది?” అని నిలదీశాడు.

“పని పడింది” అన్నాడు మేస్త్రీ.

సాయంత్రం ఇంట్లో అత్తగారు ఆమెను మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. మోచేతుల దాకా ఎర్రగా చారలు తేలాయి. “ఇలా తే చేతులు” అని తన మోకాలికి రాసుకునే నొప్పుల మందే వేలితో తీసి మెల్లిగా రాయసాగింది. ఆ ఘాటుకు ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మీ మామయ్య చెప్పారు. నీకు అలా అనిపిస్తుందని మాకు తట్టనే లేదు. తట్టాల్సింది” అంది అత్తగారు. రాస్తున్న చెయ్యి ఆగలేదు. “నాకూ ఒకసారి పోయింది తెలుసా? మీ ఆయనకంటే ముందు. ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు.”

ఆమె అత్తగారి వైపు తిరిగింది. “చెప్పండి” అంది.

ఆవిడ చెప్పింది. చెప్పడానికి ఎంతో లేదు గానీ చెప్పడానికి చాలాసేపు పట్టింది. గది బయట మేస్త్రీ అటు వెళ్ళి, ఇటు వచ్చి, ఒకసారి దగ్గాడు. “ఏమైనా కావాలా?” అని గుమ్మం బయటి నుంచే అడిగాడు.

“ఏమీ వద్దు గానీ, మీరు లోపలికి రండి మామయ్యా” అంది కోడలు.

ఆయన వచ్చి మంచం చివర కూర్చున్నాడు. డ్యూటీ దిగి వచ్చిన భర్త ఆ ముగ్గురినీ చూసి బ్యాగు భుజం మీదే ఉంచుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. ఆమె కొంచెం పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.