వంటింట్లోకి వచ్చిన కంప్లైంట్

“నువ్వు వంటింట్ల వీడియోలు చూసుడు బందు చేస్తే నా గేమ్ ఆగదు!” అని హాల్లోంచి భర్త స్వప్నిల్ అరిచేటప్పటికి ప్రతీక్ష రెండు చేతులూ జొన్నపిండిలో ఉన్నాయి. ఆమె ఫోన్ కిటికీలో ఛార్జింగ్‌కు పెట్టి గంటయింది. ఆ మాట చెప్పే ఓపిక కూడా లేదు. పొద్దున్నే తమ ఊరు కర్ఖేలిలో బస్సెక్కి ధర్మాబాద్‌లోని ఇంటర్నెట్ ఆఫీసుకు పోవడం, నెట్ రావడం లేదని తిట్టేవాళ్లకు రోజంతా మరాఠీలో, హిందీలో, తెలుగులో జవాబు చెప్పడం, “ఎవరన్న మగమనిషికియ్యమ్మా ఫోన్” అన్నవాళ్లకూ నెమ్మదిగా నచ్చజెప్పడం, ఇంటికి రాగానే పొయ్యి ముట్టించడం. ఆరేళ్లుగా ఇంతే. ఆట ఎందుకు ఆగుతోందో భర్తకు మూడుసార్లు చెప్పింది. అతను తన ఆటలన్నీ రికార్డు చేసుకుంటాడు. ఆ వీడియోలు అతని ఫోన్‌లోంచే బ్యాకప్‌కు పోతూ లైనంతా తినేస్తున్నాయి. మూడుసార్లూ అతను నవ్వాడు. “ఫోన్లెత్తేదానివి, నీకేం తెలుస్తది?” అత్త సుందరాబాయి కూడా, “వాడు అలసిపోయి అచ్చిండు, జర నీ ఫోన్ పక్కకు పెట్టరాదె” అంది. కోడలు కూడా అప్పుడే బస్సు దిగి వచ్చిందన్న సంగతి ఆవిడకు తట్టనే లేదు.

స్వప్నిల్ విసిగిపోయి ఆమె ఆఫీసు కంప్లైంట్ నంబరుకే ఫోన్ చేశాడు. సాయంత్రం డ్యూటీలో నందకిషోర్ ఉన్నాడు. మొన్న దసరాకు చేరిన అతనికి పని నేర్పింది ప్రతీక్షే. “ఒక్క నిమిషం, లైన్ల ఉండుండ్రి” అన్న అతని గొంతు హాల్లో స్పీకర్లో వినిపించిన మరుక్షణమే కిటికీలో ఫోన్ మోగింది. పిండిచేత్తోనే ఎత్తింది.

“అక్కా, ఒక కస్టమర్ది స్పీడ్ మంచిగనే ఉన్నదంట. ఆట ఆడితే మాత్రం ఆగుతుందంట. ఏం చెప్పాలె?”

తన భర్తేనని ఆమె చెప్పలేదు. “బ్యాకప్ బందు చెయ్యమను” అంది.

రెండు నిమిషాల్లో హాల్లో కేరింతలు. “శెభాష్ భయ్యా! పని తెల్సినోడంటే గిట్లుండాలె!” స్వప్నిల్ వంటింట్లోకి తొంగిచూశాడు. “విన్నవా? మగోడు ఒక్క మాటల తేల్చిండు.”

పెనం మీద రొట్టె మాడింది. ఆమెకు కోపం రాలేదు. కోపానికీ కొంచెం బలం కావాలి కదా.

మూడో రోజు ఆట మళ్లీ ఆగింది. హాల్లో ఫోన్, వెంటనే కిటికీలో ఫోన్.

“అక్కా, మళ్ల గా కర్ఖేలి కస్టమరే. ఈసారి ఏం చెప్పాలె?”

ప్రతీక్ష పొయ్యి ఆపింది. “నా డ్యూటీ అయిపోయింది నందకిషోర్. మొన్న నీకు చెప్పింది ఎవరో ఆయనకు చెప్పు. పేరు పెట్టి చెప్పు.”

హాల్లో స్పీకర్లో నందకిషోర్ ఆమె పేరు చెప్పడం వినిపించింది. స్వప్నిల్ లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

“మొన్న చెప్పింది నువ్వా?”

ఆమె కంచం పెట్టుకుని కింద కూర్చుంది. ఇంట్లో ఎవరూ తినకముందే వేడి రొట్టె తుంచుకుంది.

“రేపు పదింటికి ఆఫీసుకు ఫోన్ చెయ్యి,” అంది. “నేనే ఎత్తుత. మగోళ్లకియ్యమని మాత్రం అడగకు.”